ఎడమ పక్క మనిషి

శనివారం ఉదయానికి మార్నీ భర్తతో మాట్లాడటం మానేసి రెండు రోజులయింది.

ఇంట్లో పనులేమీ ఆగలేదు. ఎప్పటిలాగే ఆరు గుడ్లు పెనం మీద వేసింది. గిన్నెడు ఓట్స్ జావ కాచింది. కంచం తెచ్చి ట్రెంట్ ముందు పెట్టింది. అతనికేమైనా చెప్పాల్సి వస్తే మాత్రం పక్కనే కూర్చున్న పన్నెండేళ్ల కూతురికి చెబుతోంది.

"ఎల్సీ, కాఫీ ఇంకా కావాలేమో మీ నాన్నని అడుగు."

"నాన్నా, కాఫీ కావాలా?" అంది ఎల్సీ తల ఎత్తకుండా.

"చాలని చెప్పు మీ అమ్మకి."

"ఈ బల్ల నాలుగడుగులు కూడా లేదు. మీ మాటలు మీకే వినపడతాయి," అంది ఎల్సీ. తన గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

బల్ల మీద ఉప్పు సీసా పక్కన ఒక పొడుగాటి కవరు ఉంది. గురువారం రాత్రి భోజనాల దగ్గర ట్రెంట్ అక్కడ పెట్టాడు. అప్పట్నుంచి దాన్నెవరూ ముట్టుకోలేదు. కంచాలు దాని చుట్టూ సర్దుకుని తింటున్నారు.

అందులో ఉన్నది ట్రెంట్ మెడ సంగతి. ఫిబ్రవరిలో, గడ్డకట్టిన సరస్సు మీద చేపల వేటకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, గంటన్నర దూరంలో ఉన్న వేరే ఊళ్లో స్కాన్ తీయించుకున్నాడు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము దిగే దారి సన్నబడిపోయిందని, కుడి చెయ్యి తిమ్మిరెక్కుతున్నది అందుకేనని అక్కడి డాక్టరు చూపించాడు. ఇంకొక్క గట్టి దెబ్బ పడితే మెడ కిందున్నదేదీ నీ మాట వినకపోవచ్చు అని కూడా చెప్పాడు. ఆ కాగితాన్ని ట్రెంట్ అయిదు నెలలపాటు ట్రక్కు సీటు కింద దాచాడు. గురువారం, జట్టులో ట్రెంట్ పక్కన ఆడిన కోర్డెల్ మింటర్ మార్నీకి ఫోన్ చేసి, "వాడి కుడి చెయ్యి ఎలా ఉంది?" అని అడగకపోయి ఉంటే అది ఇంకా అక్కడే ఉండేది.

కంచం ఖాళీ అయ్యాక మార్నీ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మంగళవారం శిబిరానికి వెళ్తున్నావా?" అంది. రెండు రోజుల్లో అతనితో నేరుగా అన్న మొదటి మాట అదే.

"వెళ్లాలి కదా."

"మరి ఆ ఫారంలో ఏం రాస్తావు?"

ఏటా జులైలో అమెరికన్ ఫుట్‌బాల్ శిబిరం మొదలయ్యేరోజు జట్టు డాక్టర్లు ఆటగాళ్లందర్నీ పరీక్షిస్తారు. దానికి ముందు ఒక ఫారం నింపాలి. చేతులు తిమ్మిరెక్కుతాయా అన్న ప్రశ్న రెండో పేజీలో ఉంటుంది. ట్రెంట్ డెల్‌ఫాస్ పదకొండేళ్లుగా అక్కడ 'లేదు' అనే రాస్తూ వచ్చాడు. చాలాకాలం అది నిజమే. మొన్న జనవరిలో, సీజన్ ముగిశాక జరిగే పరీక్షలో రాసింది మాత్రం అబద్ధం.

"ఒక్క ఏడాది, మార్నీ. ఇదొక్కటే."

"పోయిన ఏడాదీ ఇదే మాటన్నావు."

"అప్పుడు ఆశ కొద్దీ అన్నాను. ఇప్పుడు నిజంగా అంటున్నాను."

మార్నీ నవ్వలేదు. అతను ఆ ఆటలోకి ఎలా వచ్చాడో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాలేజీ అయ్యాక ఏ జట్టూ అతన్ని ఎంచుకోలేదు. బతిమాలి చేరిన చోట రెండుసార్లు పంపించేశారు. మూడోసారి వెళ్లినప్పుడు అసలు సెంటర్ కాలు విరిగితే ఆ స్థానంలో నిలబెట్టారు. అంతే, ఆ తర్వాత ఏడేళ్లు ఒక్క ఆట కూడా మానలేదు. సెంటర్ పని ఎవరికీ కనపడని పని. వంగి నిలబడి, కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి క్వార్టర్‌బ్యాక్‌కి అందించాలి. అదే క్షణంలో తల పైకెత్తి, ఎదురుగా దూసుకొచ్చే నూట యాభై కిలోల మనిషిని ఆపాలి. ఇటు ఇద్దరూ అటు ఇద్దరూ, మధ్యలో తనూ. ఈ అయిదుగురి లైన్ అడ్డం నిలబడితే వెనకాల ఒకడు బంతి విసురుతాడు, లోకమంతా వాణ్ణి చూస్తుంది.

"టీవీలో నీ పేరు ఎన్నిసార్లు విన్నానో వేళ్ల మీద చెప్పగలను," అంది మార్నీ. "అన్నీ నువ్వు తప్పు చేసినప్పుడే. అందుకు నాకు బాధ లేదు. కానీ బంతి అందించిన ప్రతిసారీ ఆ మనుషుల గుట్టలోంచి నువ్వు లేచేదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చునేది నేనూ నీ కూతురూ. జట్టుకి నేను ఫోన్ చెయ్యను. నీ నోటితో నువ్వు చెప్పాలి. నువ్వు 'లేదు' అని రాస్తే మాత్రం ఈసారి మేము ఆటకి రాం. టీవీ కూడా పెట్టం."

"డిసెంబరంతా ఈ చేత్తోనే ఆడాను," అన్నాడు ట్రెంట్. "ఆ చివరి నాలుగు ఆటలూ నా జీవితంలో ఆడిన వాటిల్లో మంచివి. కోచ్ ఇచ్చిన మార్కులు చూశావుగా."

ఆమె జవాబు చెప్పేలోపు బయట కారు ఆగిన చప్పుడు వినపడింది. వరండాలోంచి ఎల్సీ పరిగెత్తింది.

కోర్డెల్ దిగుతుంటే కారు ఆ పక్క బరువు తగ్గి పైకి లేచింది. మిల్వాకీలో అత్తగారింట్లో ఉంటున్నాడు, రెండు గంటలు నడుపుకుంటూ వచ్చాడు. ఏడేళ్లు ట్రెంట్‌కి ఎడమ భుజం పక్కన గార్డుగా నిలబడ్డ మనిషి. మార్చిలో జట్టు అతన్ని వదిలేసింది. ఆ తర్వాత ఇంకే జట్టూ పిలవలేదు.

"ఏం చిన్న కోచ్, మీ తాత ఇంట్లో ఉన్నాడా?" అని ఎల్సీని అడిగాడు. గడ్డం నెరవడం మొదలైన దగ్గర్నుంచి ట్రెంట్‌ని అతను పిలిచేది అలాగే.

మార్నీ గుమ్మంలోకి వచ్చి అతన్ని కౌగిలించుకుంది. అత్తగారు ఎలా ఉన్నారని అడిగితే, ఆవిడ వంటింట్లో తాను బిగించిన అలమారలు మూడూ వంకరగానే ఉన్నాయని, అయినా ఇంకో మూడు బిగించమంటోందని చెప్పాడు. బ్రాట్‌వర్స్ట్ సాసేజీలు బొగ్గుల మీద వేస్తానని, తిని వెళ్లమని మార్నీ అంది. ఎల్సీని తీసుకుని ఇంటి పక్కకి వెళ్లిపోయింది.

పెరట్లో మిగిలింది ఇద్దరే. దిగువన సరస్సు కనపడుతోంది.

"నాకు చెప్పకుండా నా భార్యకి ఫోన్ చేశావు," అన్నాడు ట్రెంట్.

"నీకు డిసెంబరులోనే చెప్పాను. డాక్టరుకి చూపించుకో అన్నాను. నిద్రలో చెయ్యి మడతపడిందన్నావు."

"లైన్‌లో సంగతి లైన్‌లోనే ఉండాలి. ఆ మాట నాకు నేర్పింది నువ్వే."

"నేనిప్పుడు లైన్‌లో లేను కదా తాతా. పంపించేశారు."

కోర్డెల్ షెడ్డులోకి వెళ్లి బంతి తెచ్చాడు. ట్రెంట్ చేతిలో పెట్టి, క్వార్టర్‌బ్యాక్ నిలబడేంత దూరం వెనక్కి అడుగులు వేసుకుంటూ వెళ్లి నిలబడ్డాడు.

"పది వెయ్," అన్నాడు.

"ఎందుకు?"

"వెయ్యి మరి. చెయ్యి బాగానే ఉందిగా."

ట్రెంట్ వంగాడు. మొదటి ఆరూ సరిగ్గా కోర్డెల్ ఛాతీకి వెళ్లాయి. ఏడోది నేలని రాసుకుంటూ వెళ్లింది. ఎనిమిదోది బాగానే పడింది. తొమ్మిదోది కుడి పక్కగా చాలా దూరం వెళ్లి కంచె కింద ఆగింది. కోర్డెల్ నిదానంగా నడిచి వెళ్లి తెచ్చాడు.

"గడ్డి తడిగా ఉంది," అన్నాడు ట్రెంట్.

"ఇక్కడ వాన పడి పది రోజులైందని ఇప్పుడే నీ కూతురు చెప్పింది."

పదోది వెయ్యమని అడగలేదు. బంతిని చంకలో పెట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ట్రెంట్ తన కుడి చేతి బొటనవేలినీ దాని పక్క వేలినీ ఎడమ చేత్తో నలుపుకుంటున్నాడు. ఆ రెండు వేళ్లూ వేరే ఎవరివో అన్నట్టున్నాయి.

"డిసెంబరు నాలుగు ఆటల్లో కోచ్ నీకెన్ని మార్కులిచ్చాడు?" అని అడిగాడు కోర్డెల్.

"అన్నిట్లో తొంభై దాటాయి."

"నాకు?"

ట్రెంట్‌కి తెలుసు. ప్రతి సోమవారం కోచ్ ఆట మొత్తం తెర మీద వేసి, ఒక్కొక్కరికీ ఒక్కో ఎత్తుకీ, అంటే బంతి వెనక్కి అందిన ప్రతిసారికీ, మార్కు వేస్తాడు. అందరి ముందూ చదువుతాడు. కోర్డెల్‌వి అరవైల్లోకి పడిపోయాయి. అతని పక్కనుంచి మూడుసార్లు ఎదుటి జట్టువాళ్లు లోపలికొచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడేశారు. మింటర్ పని అయిపోయిందని పత్రికలు రాశాయి. సొంత మైదానంలోనే జనం అరిచి ఎగతాళి చేశారు.

"మంచు కురిసిన ఆట గుర్తుందా?" అన్నాడు కోర్డెల్. "అందులో రెండో పావు భాగం. నువ్వు బంతి అందించావు, ఆ చెయ్యి కిందే వేలాడింది. పైకి లేవలేదు. నీ ఎదురుగా ఉన్నవాడు నీ మెడ కిందికి దూరాడు. నేను వాడి పక్కటెముకల్లో పొడవకపోతే నువ్వా రోజే మంచాన పడేవాడివి."

"అది ఒక్కసారి."

"ఒక్కసారి కాదు. అప్పట్నుంచి ప్రతి ఎత్తుకీ ముందు నీ ఎదుటివాడి మీద ఒక చెయ్యి వేశాను. నీ చెయ్యి లేచిందో లేదో చూసుకుని, ఆ తర్వాత నావాడి దగ్గరికి వెళ్లాను. అర సెకను పట్టేది. ఆ అర సెకనులో నావాడు నన్ను దాటేవాడు. నాలుగు ఆటలు అలాగే ఆడాను."

జనవరిలో, ముప్ఫై నాలుగేళ్ల వయసులో, ఒంట్లో సత్తువ తగ్గినా ఆడటం ఎలాగో తెలుసుకున్నానని ట్రెంట్ మార్నీతో అన్నాడు. బలం తగ్గితే తెలివి దాని పని చేస్తుందని ఎల్సీకి కూడా చెప్పాడు. ఆ మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నన్ను కసిరి, నా సాయం లేకుండా ఆడేవాడివి. నీ సంగతి నాకు తెలియదా?" అన్నాడు కోర్డెల్. కాసేపాగి, "ఇప్పుడు నీ ఎడమ పక్కకి ఎవణ్ణో ఇరవై రెండేళ్లవాణ్ణి తీసుకున్నారంట. మంచి బలమున్నవాడంట. వాడు వాడివాణ్ణి చూసుకుంటాడు. అదే సరైన ఆట. నీవాణ్ణి చూడడు. అందుకే మార్నీకి ఫోన్ చేశాను," అన్నాడు.

అతను చెప్పాలనుకున్నది అయిపోయింది. ఇంటి పక్కనుంచి బొగ్గుల వాసన వస్తోంది. మార్నీ ఎల్సీకి ఏదో చెబుతోంది. ట్రెంట్ అక్కడితో ఊరుకుని ఉంటే నలుగురూ కూర్చుని తిని, కోర్డెల్ సాయంత్రానికి మిల్వాకీ చేరుకునేవాడు.

"మార్చిలో కోచ్ నాకు ఫోన్ చేశాడు," అన్నాడు ట్రెంట్.

కోర్డెల్ అతని వైపు తిరిగాడు.

"నిన్ను ఉంచుకోవాలా వద్దా అని వాళ్లు తర్జనభర్జన పడుతున్నారు. పక్కన నిలబడేవాడివి, నీకే బాగా తెలుస్తుంది, కోర్డెల్ కాళ్లలో ఇంకా సత్తువ ఉందా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"కాళ్లు బరువెక్కినట్టున్నాయన్నాను."

కోర్డెల్ బంతిని రెండు చేతుల మధ్యా తిప్పాడు. దాని కుట్లు చూస్తున్నట్టు చూశాడు.

"నిజంగానే అలా అనుకున్నాను," అన్నాడు ట్రెంట్. "నీకు చెడు చెయ్యాలని కాదు. ఆలస్యంగా వెళ్తున్నావని నాకూ కనపడింది. ఎందుకో తెలియలేదు."

"అది సరే. అలా అనిపించిందే అనుకో," అన్నాడు కోర్డెల్. గొంతు పెంచలేదు. "ఏడేళ్లు, ట్రెంట్. ఎందుకు ఆలస్యమవుతోందని నన్నొక్కసారి అడిగావా?"

తాతా అనలేదు. లేచి బంతిని మెట్టు మీద పెట్టాడు. ఇంటి పక్కకి వెళ్లి, అత్తగారు త్వరగా రమ్మందని, భోజనానికి ఇంకోసారి వస్తానని మార్నీతో చెప్పాడు. ఎల్సీ తల నిమిరాడు. కారు వెనక్కి తిప్పుకుని రోడ్డెక్కేటప్పుడు ఇంటి వైపు చూడలేదు.

మార్నీ పళ్లెం పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చేసరికి ట్రెంట్ అక్కడే ఉన్నాడు. ఏం జరిగిందని ఆమె అడిగింది. అతను మొదట్నుంచీ చెప్పాడు. తొమ్మిదో బంతి, కోర్డెల్ పడిన అర సెకను ఆలస్యం, తొంభైలూ అరవైలూ, మార్చి నాటి ఫోనూ. ఏదీ తనకి అనుకూలంగా మార్చుకోలేదు. చెబుతున్నంతసేపూ ఆమె నిలబడే ఉంది. పళ్లెంలోవి చల్లారిపోయాయి.

"ఫారం సంగతి నేనింక అడగను," అంది చివరికి. "కోర్డెల్ సంగతేం చేస్తావు?"

"ఏం చెయ్యగలను? ఏ జట్టైనా ముందు ఆ నాలుగు ఆటలే చూస్తుంది. అవి చూసినవాళ్లెవరూ అతన్ని పిలవరు."

"ఎందుకలా ఆడాడో తెలిస్తే?"

ట్రెంట్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ 'ఎందుకు'కి జవాబు ఒక్కటే. అది చెప్పాలంటే ముందు మెడ సంగతి చెప్పాలి. చెప్పాక ఇక శిబిరం లేదు, పన్నెండో ఏడాది లేదు. పద్నాలుగేళ్లప్పటి నుంచి బంతి మీదికి వంగడం తప్ప ఇంకో పని చేసి ఎరగడు. పొద్దున మార్నీ అడిగినప్పుడు అది చెప్పడం చెప్పకపోవడం తనొక్కడి సంగతే అనుకున్నాడు.

లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చుకున్నాడు. లైన్ కోచ్ పెట్రోస్కీ రెండో రింగుకే ఎత్తాడు. తోటలో గడ్డి కోస్తున్నట్టున్నాడు, యంత్రం ఆపిన చప్పుడు వినపడింది.

"కోచ్, డిసెంబరు ఆటలు మళ్లీ ఒకసారి వేసి చూడండి," అన్నాడు ట్రెంట్. "కోర్డెల్‌ని కాదు, నా కుడి చేతిని చూడండి. నేను బంతి వదిలాక అది ఎక్కడుందో చూడండి. తర్వాత కోర్డెల్ తన ఎదుటివాడి దగ్గరికి ఎందుకు ఆలస్యంగా వెళ్లాడో మీకే అర్థమవుతుంది."

చెయ్యి గురించి చెప్పాడు. కవరులో ఉన్న కాగితం గురించి చెప్పాడు. జనవరిలో ఫారం మీద అబద్ధం రాశానని చెప్పాడు. మార్చిలో తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాడు.

తర్వాత పెట్రోస్కీ నెమ్మదిగా అన్నాడు. "ట్రెంట్, కోర్డెల్ గురించి నువ్వు చెప్పింది విన్నాను. అది నాకు చాలు, తెర మీద చూసుకుంటాను. మెడ సంగతి వేరు. అది నేను విన్నానంటే డాక్టరుకి చెప్పి తీరాలి. మళ్లీ అడుగుతున్నాను, బాగా ఆలోచించుకుని చెప్పు. మెడ గురించి నువ్వు నాకేమైనా చెప్పావా?"

దారి తెరిచి చూపిస్తున్నాడు. ఒక్క ముక్క 'లేదు' అంటే చాలు, మంగళవారం యథాప్రకారం శిబిరానికి వెళ్లొచ్చు. కోర్డెల్ పేరూ కడిగినట్టవుతుంది. మార్నీకి అవతలి మాటలు వినపడటం లేదు. ఆమె అతని మొహం మాత్రమే చూస్తోంది.

"చెప్పాను, కోచ్," అన్నాడు ట్రెంట్.

"సరే," అన్నాడు పెట్రోస్కీ. సోమవారం డాక్టరు ఫోన్ చేస్తాడని, మంగళవారం ఎలాగూ రమ్మని, ఆడే బూట్లు మాత్రం తేవద్దని అన్నాడు. పెట్టేస్తాడనుకుంటుండగా మళ్లీ మాట్లాడాడు.

"ఎడమ గార్డుగా కొత్తవాణ్ణి తీసుకున్నాం, అది మారదు. కానీ ఇప్పుడు నాకు సెంటర్ లేడు. కోర్డెల్ కాలేజీలో సెంటరే కదా?"

"అవును. మూడేళ్లు."

"మైదానంలో లైన్‌కి సూచనలిస్తూ నువ్వు వేసే కేకలన్నీ అతనికి కంఠతా వచ్చు. నేను ఫోన్ చేస్తే ఎత్తడు. మార్చిలో అతన్ని పంపించింది నా నోటితోనే. నువ్వు అడగాలి. మంగళవారానికల్లా రావాలి."

ఫోన్ పెట్టేశాక ట్రెంట్ జరిగింది మార్నీకి చెప్పాడు. తన స్థానం కోర్డెల్‌కి ఇస్తామంటున్నారని కూడా చెప్పాడు. మార్నీ పళ్లెం కింద పెట్టి అతని పక్కన కూర్చుంది. కుడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

అతను ఎడమ చేత్తోనే కోర్డెల్ నంబరు నొక్కాడు. మూడుసార్లు మోగింది. నాలుగోసారి కూడా మోగింది. ఎత్తడేమోనని మార్నీ అంది.

ఎత్తాడు. రోడ్డు మీద కారు పోతున్న హోరు మాత్రం వినపడుతోంది.

"నేను చెప్పేదంతా విని, ఆ తర్వాత పెట్టెయ్యి," అన్నాడు ట్రెంట్.

హోరు మెల్లగా తగ్గుతూ వచ్చింది. టైర్ల కింద కంకర నలిగింది. అవతల కారు ఆగింది.